రోడ్డు కింద ఎర్తు వైరు

మొన్న ఆదివారం కోరుట్లలో మా పాత చర్చికి వెళ్ళాను. జగిత్యాలలో ఇల్లు కట్టుకున్నాక అటు వెళ్ళడం తగ్గింది. లోపల అడుగు పెట్టానో లేదో చెవిలో గుయ్‌మని రొద. కొత్త స్పీకర్లు, కొత్త మిక్సరు, గోడలకు రంగులు, తలకో ఫ్యాను, అన్నీ ఉన్నాయి. వాటన్నిటి అడుగున ఆ గుయ్యి. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే గుయ్యి, ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఇంకా పెద్ద గుయ్యి. ఒక్కరైనా తల తిప్పలేదు. నాకు మాత్రం ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది.

ఆరాధన అయ్యాక సంఘ కార్యదర్శి నా దగ్గరికి వచ్చాడు. "టీచర్, మన చర్చి పండుగకు పుస్తకం ఏస్తున్నం. గా మైకుసెట్టు వీరేశం గురించి మీరే రాయాలె. మన సంఘపోడు గాకున్నా మనకు శాన జేసిండట గదా" అన్నాడు. రాస్తానన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. గొంతు తగ్గించి, "గానీ టీచర్, గా పోలీసు సంగతి వద్దు. మంచి మాటలు రాయుండ్రి. అయిపోయినయన్ని ఇప్పుడెందుకు?" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పోలీసు సంగతి జరిగిననాటి సంఘ పెద్ద కొడుకే ఈయన. "ఈ గుయ్యి నీకు ఇనవడ్తాందా?" అని అడిగాను. "ఏ గుయ్యి టీచర్?" అన్నాడు, నిజంగానే.

సరే, మంచి మాటలే రాస్తాను. ఏది మంచి మాటో నేను చూసుకుంటాను.

వీరేశం కాకది సిరిసిల్ల, నేతపని చేసే ఇల్లు. ఆయన చిన్నప్పుడు ఇంట్లో చేతిమగ్గం ఉండేది. తరువాత సాంచాలు వచ్చాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. పొద్దున లేస్తే టకటక, పడుకుంటే టకటక. "అన్నం తింటున్నప్పుడు అమ్మ నా ముఖం జూసి ఏమో అంటుండె. పెదవులు కదులుడే కనవడేది. ఏమన్నదో ఎన్నడు ఇనవడలె. గందుకే ఉరికొచ్చిన బిడ్డా" అని చెప్పేవాడు. అలా ఉరికొచ్చి కోరుట్ల బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడు. పెళ్ళిళ్ళకూ పండుగలకూ మైకుసెట్టు కిరాయికి ఇచ్చేవాడు. శాంతమూర్తి అని రాస్తే పైనుంచి ఆయనే నన్ను తిడతాడు. ఎవరైనా రేడియో తెచ్చి బల్ల మీద పెడితే చాలు, మొదలయ్యేది. "దీంట్ల ఎలుకలు కాపురం జేస్తున్నయ్. ఓ బట్ట కప్పుతె నీ సొమ్మేం పోయింది?" ఒకసారి ఓ పెళ్ళిలో పెళ్ళికొడుకు మామ వచ్చి, సౌండు ఇంకా పెంచు, పక్క ఊరికి వినపడాలె అన్నాడట. "పక్క ఊరోని పెండ్లా గిది? పందిట్ల కూసున్నోనికి సక్కగ ఇనవడాలె" అని, ఇంకా గొడవ చేస్తే సెట్టంతా మడిచి రిక్షాలో వేసుకొని వచ్చేశాడు. ఆ పెళ్ళి మైకు లేకుండానే జరిగింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కనపడే సంతోషం చూడాలి.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది గిటారు పట్టుకొని. మా అమ్మా నాన్నా వరి నాట్లకూ పసుపు తవ్వడానికీ కూలికి పోయేవాళ్ళు. నేను చదువుకొని చర్చి బడిలో కొత్తగా టీచరునయ్యాను. పాటల గుంపులో అయ్యగారి పాత చెక్క గిటారు మీద వాయించడం నేర్చుకున్నాను. దుబాయిలో కూలికి పోయిన మా అన్న, చెల్లె మురుస్తుందని, సెలవు మీద వస్తున్న మా పక్క ఇబ్రహీంపట్నం ఆయనతో ఒక కరెంటు గిటారు పంపాడు. దానికి జతగా శబ్దం పెంచే డబ్బా ఒకటి ఉండాలని పాపం వాడికి తెలియదు. వాయిస్తే దోమ పాడినట్టుండేది. చర్చిలో నవ్వారు. ఆడపిల్లకు గిటారెందుకని ముందే నవ్విన వాళ్ళకు ఇంకో సాకు దొరికింది.

కాక ఒక తీగ మీటి చూశాడు. "దీని గొంతేది బిడ్డా?"

"డబ్బా కావాలట కాకా."

"కావాలట అంటే నడిచొస్తదా? చెయ్యాలె. నువ్వు గూడ చెయ్యాలె. రేపు ఖరాబైతె నా కోసం ఉరికొస్తవా?"

మూతబడిన సినిమా హాలు నుంచి తెచ్చిన పాత యాంప్లిఫయరు ఒకటి ఆయన కొట్టులో మూల పడి ఉంది. గాజు బుడ్ల లాంటి వాల్వులతో పనిచేసేది. దాన్ని విప్పి నా గిటారుకు డబ్బా చేయడం మొదలుపెట్టాం. బడి వదిలాక నేరుగా కొట్టుకే వెళ్ళేదాన్ని. టంకం పెట్టడం అక్కడే నేర్చుకున్నాను. వాల్వు సెట్లలో కరెంటు మామూలుది కాదు, మనిషిని పొట్టన పెట్టుకునేది. అందుకని ఎడమ చెయ్యి నడుము వెనుక పెట్టుకొని కుడిచేత్తోనే పని చేయాలి. మరిచిపోతే కొట్టు దద్దరిల్లేది. "ఎడమ చెయ్యి ఎనకకు! రెండు చేతులు లోపల వెట్టినోడు మల్ల వెట్టడు!" ఈ నాటికీ ఇంట్లో మిక్సీ చెడిపోయి విప్పినా నా ఎడమ చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. మా పిల్లలు నవ్వుతారు.

మొదటిసారి స్విచ్చి వేసిన రోజు వాల్వుల్లో ఎర్రటి తీగలు మెల్లగా వెలిగాయి. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. ఆ వెంటనే గుయ్‌మని. గుయ్యి ఉంటే ఉంది, నా గిటారు గొంతు బయటికి వచ్చిందని నేను ఎగిరి గంతేశాను. కాక ముఖం ఆముదం తాగినట్టు పెట్టాడు. "గిది పాటనా, తేనెటీగల తుట్టెనా?" అన్నాడు. నేను తెలివిగా శబ్దం మందం చేసే గుండీ ఒకటి తిప్పాను. గుయ్యి తగ్గింది. చూశావా అన్నట్టు ఆయన వైపు చూశాను. అంతే!

"గుయ్యి పోలే బిడ్డా. నీ చెవులు మూసినవ్. పనిల పని పాట గొంతు గూడ పిసికినవ్. ఇప్పుడు వాయించు, మూటల కట్టినట్టుంటది. దాసుడు వేరు, తీసుడు వేరు. దాసేటోళ్ళు ఊరంత ఉన్నరు, నువ్వు గూడ ఎందుకు?"

ఆ మాట అప్పుడు తిట్టులాగే తగిలింది. తరువాత నా ఉద్యోగంలో, సంసారంలో, ఎక్కడ ఎవరు ఏది కప్పిపెట్టబోయినా అదే మాట నా నోటికి వచ్చింది. దానివల్ల నాకు పేరేమీ రాలేదు, శత్రువులు మాత్రం బాగానే వచ్చారు.

తీయడమంటే ఎట్లాగో చూపించాడు. గిటారు వైరు వచ్చి చేరే చోటు నుంచి మొదలుపెట్టి ఒక్కో వాల్వు పీకాలి. మొదటిది పీకగానే గుయ్యి ఆగిందా, అది దాని దగ్గరో దానికి ముందో పుడుతున్నట్టు. ఆగలేదా, వెనక ఎక్కడో ఉంది. అట్లా జరుగుతూ పోవాలి. వాల్వులను వేడిచేసే రెండు వైర్లు విడివిడిగా పోతుంటే వాటిని జడలా గట్టిగా మెలివేయించాడు, ఒకదాని రొద ఇంకోటి తినేస్తుందట. వైర్లు కదిపి చూడటానికి ఇనుప సామాను వాడేవాడు కాదు. సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న కండె, అంటే దారం చుట్టే కొయ్యపుల్ల, దానితో ఒక్కో వైరును జరుపుతూ చెవి పెట్టి వినేవాడు. ఎక్కడ జరిపితే గుయ్యి మారిందో అక్కడ ఆగేవాడు. కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు దుకాణానికి ఎవరొచ్చినా పలికేవాడు కాదు. ఎండిపోయిన కండెన్సర్లు మార్చాడు, ట్రాన్స్‌ఫార్మరును అడ్డం తిప్పి బిగించాడు. రోజు రోజుకూ గుయ్యి సన్నబడింది. కానీ చర్చికి తెచ్చి పెట్టి చూస్తే పూర్తిగా పోలేదు. నేను తీగలను ముట్టుకుంటే తగ్గేది, చెయ్యి తీస్తే మళ్ళీ లేచేది.

"ఇగ తప్పు డబ్బాల లేదు బిడ్డా. మీ చర్చి కరెంటుకు ఎర్తు లేదు. భూమిలకు పోవాల్సింది నీ ఒంట్లకెళ్ళి పోతాంది. నువ్వే ఎర్తు వైరు అయినవ్."

భూమిలోకి వైరు దించాలి, అదీ ఎప్పుడూ తడిగా ఉండే చోట. చర్చి ఆవరణ అంతా మొరం, గడ్డపార దిగదు. తడి ఉన్నది రోడ్డుకు అవతల, బోరింగు నీళ్ళు పారే చోట. అంటే వైరు రోడ్డు కిందినుంచి పోవాలి.

అవి ఎట్లాంటి రోజులో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఊళ్ళలోకి అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చిపోయేవాళ్ళు, వాళ్ళ వెనుక పోలీసులు వచ్చేవాళ్ళు. ఎవరికి అన్నం పెట్టావని ఒకరు, ఎవరికి చెప్పావని ఒకరు. ఎక్కడో కల్వర్టు కింద మందుపాతర పేలిందని వినని నెల ఉండేది కాదు. జీపులు వచ్చే ముందు పోలీసులు నడుచుకుంటూ వచ్చి రోడ్డంతా చూసుకుంటూ పోయేవాళ్ళు. మా నాన్న అడిగాడు కూడా. "వీరేశం, రోడ్డు తవ్వుతె గా జీపులోళ్ళు ఏమనుకుంటరో?"

"ఏమనుకుంటరు? దొంగపని జేస్తున్ననా? పట్టపగలు, గింతమంది ముందట తవ్వుతున్న" అన్నాడు కాక. పట్టపగలు చేసే పనికి భయమెందుకని ఆయన గట్టి నమ్మకం.

క్రిస్మస్ దగ్గరపడుతోంది. వాడంతా వచ్చింది. తలా ఒక చెయ్యి వేసి రోడ్డుకు అడ్డంగా కాలువ తవ్వారు. బోరింగు వెనకాల గుంతలో బొగ్గు, ఉప్పు వేయాలి. మా దగ్గర బావి తవ్వినా పునాది తీసినా ముందు ప్రార్థన ఉంటుంది. సంఘ పెద్ద ముందుకు వచ్చి, ఆ గుంత మీద చేతులు చాపి, "ప్రభువా, నీ పాట కోసం తవ్విన గీ గుంతను దీవించు" అని ప్రార్థించాడు. అందరం ఆమెన్ అన్నాం. కాక కూడా తలపాగా తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. తరువాత ఉప్పు పోసి, రాగి వైరు బిగించి, కాలువ పూడ్చారు.

లోపలికి వచ్చి డబ్బా స్విచ్చి వేశాను. ఏమీ లేదు. ఎర్ర దీపం వెలుగుతోంది, వాల్వులు వెలుగుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. కాలిపోయిందేమో అనుకున్నాను. కాక మాత్రం కదలకుండా నిలబడ్డాడు, ముఖమంతా నవ్వు. "గిప్పుడు వాయించు." ఒక తీగ మీటాను. నా జన్మలో అంత శుభ్రమైన శబ్దం మళ్ళీ వినలేదు. మా అమ్మ ఏడ్చింది. కాక మా అమ్మను కూడా తిట్టాడు, పాట మధ్యలో ముక్కు చీదొద్దని.

క్రిస్మస్ పాటలు ఆ గిటారుతోనే పాడాం. పండుగ వెళ్ళాక ఒక బండి చక్రం ఆ కాలువ మీద మట్టిని లేపింది. వైరు మెరిసింది. రోడ్డు చూసుకుంటూ వచ్చిన పోలీసులకు అది కనపడింది. కొత్తగా తవ్విన మట్టి, రోడ్డు కింద రాగి వైరు! వాళ్ళకు ఏమనిపించిందో నేను ఒప్పుకుంటాను. వైరు పట్టుకొని చర్చిలోకి వచ్చారు. అప్పుడు అక్కడ ఉన్నది సంఘ పెద్ద. ఆయన చెప్పాల్సింది ఒకే ఒక మాట. గిటారుకు ఎర్తు సార్, మేమే తవ్వినం. అది చెప్పలేదు. "మాకు తెల్వది సార్. గా మైకుసెట్టాయన ఏం వెట్టిండో ఆయననే అడుగుండ్రి" అన్నాడు.

కొట్టులో టంకం పెడుతున్న మనిషిని అట్లాగే జీపెక్కించారు.

నాకు బడిలో తెలిసింది. పరుగున సంఘ పెద్ద ఇంటికి వెళ్ళాను. "పెద్దయ్యా, మీరే గదా ప్రార్థన జేసింది! వచ్చి గా మాట చెప్పుండ్రి."

ఆయన గడప దాటలేదు. "నాకు పిల్లలున్నరు బిడ్డా. అయినా, ఆయన మన సంఘపోడు గూడ గాదు గదా."

ఛీ! పలుగులు పట్టినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను. అందరూ ముఖం చాటేశారు. కొందరైతే తప్పు ఆయనదేనన్నారు, రోడ్డు కింద వైరు ఎవడు పెట్టమన్నాడని. వాళ్ళే తవ్వారు ఆ రోడ్డు!

మరునాడు పొద్దున్నే నాన్నా నేనూ ఆ డబ్బాను రిక్షాలో పెట్టుకొని ఠాణాకు వెళ్ళాం. గిటారు నా భుజాన ఉంది. గేటు దగ్గర కానిస్టేబుల్ నవ్వాడు. "ఏందమ్మా, కచేరీనా?" నేను నవ్వలేదు. ఎస్సై ముందు నిలబడి, "గా వైరు దేనికో చూపిస్త సార్" అన్నాను. ఆయన విసుగ్గా చెయ్యి ఊపాడు. గిటారు తగిలించి ప్లగ్గు పెట్టాను. ఠాణా కరెంటుకూ ఎర్తు లేదు, గుయ్‌మంది. ఒక వైరు తీసుకొని ఒక కొసను డబ్బాకు తగిలించి, రెండో కొసను గుమ్మం పక్క నల్లా పైపుకు ఆనించాను. గుయ్యి ఆగింది. తీశాను, వచ్చింది. ఆనించాను, పోయింది. గేటు దగ్గరి కానిస్టేబులే అన్నాడు, "నిజమే సార్. మా బావ మైకుసెట్టుకు గూడ గిట్లనే పైపుకు కడ్తడు."

ఎస్సై టీ గ్లాసు కింద పెట్టి, "గింత దానికి రోడ్డు తవ్వుతరా?" అన్నాడు. తరువాత వెనక్కి తిరిగి, వాణ్ణి తీసుకురండి అన్నాడు.

కాకను తీసుకొచ్చారు. ముఖం వాచి ఉంది. చెవి కింద, చొక్కా కాలరు మీద రక్తం ఎండిపోయి ఉంది. తరువాత తెలిసింది, గుయ్యి పోవడానికే వైరు పెట్టాను, కావాలంటే డబ్బా తెప్పించి వినుండ్రి అని గట్టిగా అన్నాడట. అందుకు రెండు అరచేతులతో రెండు చెవుల మీద ఒక్కసారే కొట్టారట. ఆయన మమ్మల్ని చూడలేదు, డబ్బానే చూశాడు. వచ్చి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చొని స్పీకరుకు చెవి ఆనించాడు.

"గుయ్యి పోలే బిడ్డా" అన్నాడు.

వైరు జారిందేమో అని చూశాను. జారలేదు. "పోయింది కాకా" అన్నాను. ఆయనకు వినపడలేదని గట్టిగా మళ్ళీ అన్నాను.

"యాడ పోయింది? ఇనవడ్తలేదా నీకు? ఎర్తు గట్టిగ వట్టు."

పైపుకు గట్టిగా అదిమి పట్టాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చివరికి నేను ప్లగ్గే పీకేశాను. వాల్వులు ఆరిపోయాయి. ఆయన చెవి అట్లాగే స్పీకరుకు ఆనించి, "ఇంకా ఉన్నది" అన్నాడు.

"పోండ్రి. ఇగ ముందట రోడ్లు తవ్వకుండ్రి" అన్నాడు ఎస్సై.

జగిత్యాల డాక్టరు చూసి, ఒక చెవి ఇక పనిచేయదన్నాడు, రెండోదాంట్లో ఆ గుయ్యి బతికినన్నాళ్ళూ ఉంటుందన్నాడు. మేం డాక్టరు దగ్గర ఉండగానే కోరుట్లలో సంఘ పెద్దలు ఆ వైరును లాగి పారేశారు. ఆ ఆదివారం సంఘాన్ని ఆపద నుంచి కాపాడినందుకు దేవునికి స్తోత్రం చెప్పారు. నేను లేచి, "కాపాడింది సంఘాన్ని గాదు, మీ తోలు మీరు కాపాడుకున్నరు" అన్నాను. తిరిగి చర్చిలో పెట్టిన డబ్బాను ఎత్తుకొని ఇంటికి వచ్చాను. అది ఈ నాటికీ నా దగ్గరే ఉంది.

కాక కొట్టు మూసేశాడు. "గుయ్యి ఉన్న చెవుతోని గుయ్యి ఎట్ల వట్టాలె?" అన్నాడు. తిట్టలేదు. ఆయన తిట్టకపోవడం చూసి నాకు మొదటిసారి భయం వేసింది. సిరిసిల్ల వెళ్ళిపోయాడు.

కొన్నేళ్ళకు చూడటానికి వెళ్ళాను. అన్న కొడుకు సాంచాల షెడ్డులో గోడకు ఆనుకొని కండెలు చుడుతున్నాడు. చెవులు చిల్లులు పడే టకటక. ఏ చప్పుడు భరించలేక పారిపోయాడో దాని నట్టనడుమ కూర్చున్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి, దగ్గరికి రమ్మని, అరిచి చెప్పాడు. "గీడ మంచిగున్నది బిడ్డా! సాంచాలు నడుస్తుంటె గా గుయ్యి ఇనవడది!"

అంతలోనే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. పనివాళ్ళు హమ్మయ్య అనుకుంటూ, బీడీలు తీసుకుంటూ బయటికి నడిచారు. షెడ్డంతా చల్లగా, హాయిగా నిశ్శబ్దం. కాక చేతిలో కండె కింద పడేసి, రెండు అరచేతులతో చెవులు అదిమి పట్టుకొని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను పక్కన కూర్చొని ఆయన భుజం మీద చెయ్యి వేశాను. కాసేపటికి కళ్ళు తెరిచి చిన్నపిల్లాడిలా అడిగాడు. "కరెంటు ఎప్పుడస్తదట బిడ్డా?"

కాక ఇప్పుడు లేడు. కార్యదర్శిగారూ, మీరడిగిన మంచి మాటలు ఇవే. వేస్తే మొత్తం వేయండి, లేకపోతే వద్దు. ఇక మీ చర్చిలో గుయ్యి సంగతి. మీ కొత్త మిక్సరులో తప్పేమీ లేదు. ఆ గుండీలు తిప్పి దాన్ని దాచకండి. మీ కరెంటుకు ఎర్తు లేదు, అంతే. బోరింగు వెనకాల ఆ గుంత ఇంకా ఉంది, నేను చూసే వచ్చాను. వచ్చే ఆదివారం పలుగూ పారా తెస్తాను, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకొని బిగించడం నాకు వచ్చు. పట్టపగలే తవ్వుదాం. మీ నాన్న చేసినట్టు మీరూ వచ్చి ప్రార్థన చేయండి, కాదనను. ఎవరైనా వచ్చి ఈ వైరు ఎవరు పెట్టారని అడిగితే మాత్రం మీరు మాట్లాడకండి. నేనే పెట్టానని నేను చెబుతాను.